చిన్నకారు మంచిచెడ్డల సంఘం

రాష్ట్ర గోనె ఉత్పత్తుల సమన్వయ సంస్థలో పనిచేసే వాళ్ళు కారు కొనుక్కోవాలంటే చేతిలో డబ్బుంటే చాలదు. ఆ కారు వల్ల తమకు రాబోయే కష్టాలేమిటో కూడా ముందుగా తెలిసి ఉండాలి.

పూర్వం ఇలా ఉండేది కాదు. రెండేళ్ళ కిందట విజయనగరం ఆఫీసులో ఒక మేనేజరు ఏడుగురు కూర్చునే పెద్ద బండి కొని, కొన్న మర్నాడే ముచ్చటపడి ఆఫీసుకు తెచ్చాడు. అది గేటులో ఇరుక్కుపోయింది. లోపలికి రాలేదు, బయటికి పోలేదు. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఎండీ గారు పొద్దున్న పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆఫీసులోనే చిక్కుకుపోయి, గత్యంతరం లేక కాంటీను ఉప్మా తిన్నారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆయన వెళ్ళిన మూడోనాడు ఉత్తర్వు వచ్చింది.

"సంస్థ ఉద్యోగులు వాహనముల కొనుగోలు విషయమున ఆవేశమునకు లోనగుచున్నట్లు యాజమాన్యము దృష్టికి వచ్చినది. ఇకమీదట ఏ ఉద్యోగియైనను, సదరు ఉద్యోగి పైకప్పు కింద ఆశ్రితులుగా నివసించు కుటుంబసభ్యులైనను కారు కొనదలచినచో, దాని వలన కలుగు మంచిని, చెడ్డను నిష్పక్షపాతముగా తూచి, జాబితా రూపమున సమర్పించి, అనుమతి పొందవలెను."

అది చదివి అందరూ స్కూటర్లకు సర్వీసింగు చేయించుకున్నారు. రెండేళ్ళ పాటు ఎవరూ కారు మాటెత్తలేదు. ఎత్తిన మొదటి మనిషి బెవర నీలవేణి.

నీలవేణి డిస్పాచ్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు. పందొమ్మిదేళ్ళ సర్వీసు. రూలు ఉంటే పాటించాలనుకునే రకం. కవరు మీద స్టాంపు వంకరగా పడితే ఆ పూటంతా ఆవిడకు మనసు బాగుండేది కాదు. అలాంటి మనిషికి కారు ఎందుకు కావలసి వచ్చిందంటే, ఆవిడ అత్తగారి మోకాలు వల్ల.

అత్తగారు అప్పలనరసమ్మ ముప్పై ఏళ్ళు జూట్ మిల్లులో సంచులు కుట్టి రిటైరైన మనిషి. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. "ఆపరేషన్ బాగా జరిగిందమ్మా. కానీ మూడు నెలల పాటు వారానికి మూడుసార్లు ఎక్సర్‌సైజుకు తీసుకురావాలి. ఆలోగా వంగితే వంగినట్టు, లేకపోతే అలాగే బిగుసుకుపోతుంది," అన్నాడు డాక్టరు.

నీలవేణి మొగుడు జోగారావుకు కళ్ళజోళ్ళ షాపు, ఒక స్కూటరు ఉన్నాయి. వంగని కాలితో స్కూటరు ఎక్కడం కుదరదు. ఆటోలో ఎక్కిస్తే కాలు మూరెడు బయటికి వచ్చింది. ఆటో అతను జాగ్రత్త తెలిసినవాడు. ఇనుపచువ్వలు వేసుకెళ్ళే బండికి కట్టినట్టు, ఆవిడ కాలి బొటనవేలికి ఒక ఎర్రగుడ్డ కట్టాడు.

కోట జంక్షన్ దగ్గర సిగ్నల్ పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ గుడ్డను చూసి నవ్వారు.

"ఒలే నీలేణీ, నానేటి సరుకునా?" అంది అప్పలనరసమ్మ. గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ముప్పై ఏళ్ళు మిల్లులో మేస్త్రీల నోళ్ళు మూయించిన మనిషి అలా చిన్నబోవడం నీలవేణి ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రమే మొగుడితో చెప్పింది, చిన్న కారు కొందాం అని.

షోరూములో అన్నిటికంటే చవకైన బండి చూసి వచ్చారు. నాలుగు తలుపులు, మూడు సిలిండర్లు, ముందు సీటు బాగా వెనక్కి జరుగుతుంది. ఇక మిగిలింది జాబితా. నీలవేణి తెల్లకాగితం మధ్యలో స్కేలుతో గీత కొట్టి కూర్చుంది.

"మంచి చెప్పండి," అంది.

"మైలేజీ రాయి," అన్నాడు జోగారావు. "మన కుమ్మరివీధిలో తిరుగుతుంది. సర్వీసింగు చవక. సామాను ఎక్కడైనా దొరుకుతుంది. వానకు తడవం, ఎండకు మాడం..."

"కాలు లోపలే ఉంటాది. అది ముందు రాయి," అంది అప్పలనరసమ్మ మంచం మీంచి.

మంచి పదకొండు అయింది. చెడ్డ దగ్గరికి వచ్చేసరికి జోగారావు తల గోక్కున్నాడు. "రేకు పల్చన. ఏసీ వేస్తే ఎత్తు ఎక్కదు. హైవే మీద లారీ పక్కనుంచి పోతే ఊగుతుంది. డిక్కీలో ఒక పెట్టె, ఒక సంచి. అంతే. ఇంకా... కొన్న మర్నాటి నుంచీ మీ తమ్ముడు అడుగుతాడు."

"మా తమ్ముడేనా? మీ బావగారు అడగరా?"

కాసేపు తర్జనభర్జన జరిగాక, నిష్పక్షపాతంగా ఉండాలి కాబట్టి, "బంధువులు అడుగుదురు" అని రాసింది. చెడ్డ ఏడు దగ్గర ఆగిపోయింది.

జాబితా చూసి సూపరింటెండెంటు చక్రధరం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నీలవేణి గారూ, మీ నుంచి ఇది ఆశించలేదు. మీరు పక్షపాతం చూపించారు."

"ఎవరి మీద సార్?"

"కారు మీద. మంచి పదకొండు, చెడ్డ ఏడు. అంటే ముందే కొనాలని నిర్ణయించేసుకుని రాశారన్నమాట. దీన్ని తూచడం అనరు. రెండు పక్కలా సమానంగా ఉంటేనే తక్కెడ. తీసుకెళ్ళి నాలుగు చెడ్డలు వెతుక్కుని రండి."

నీలవేణి వెతికింది. "నీడకు కుక్కలు కింద పడుకొనును" అని రాసింది. "నడక తగ్గి బరువు పెరుగుదురు" అని రాసింది. "తిరిగి అమ్మబోయినచో ఎవరూ ముందుకు రారు" అనేది షోరూము పక్క టీకొట్టులో దొరికింది. పదకొండోది రెండు రోజులు తిప్పలు పెట్టింది. చివరికి బస్సులో నిలబడి ఉండగా తట్టింది: "కారు లేదను చింత పోయి, కారు ఉన్నదను చింత పట్టుకొనును."

చక్రధరం అది రెండుసార్లు చదివి, చలించిపోయాడు. "ఇది చాలా లోతైన చెడ్డ అండీ. మీలో ఇంత ఉందనుకోలేదు."

"అయితే సంతకం పెడతారా సార్?"

"ఎలా పెట్టను? ఇప్పుడు రెండూ సమానమైపోయాయి. కొనమనడానికి ఆధారం లేదు, కొనొద్దనడానికీ లేదు. నేను ఎటు మొగ్గినా రేపు ఆడిట్‌లో నన్నే అడుగుతారు, ఎందుకు మొగ్గావని. పైకి పంపిస్తాను. పైవాళ్ళు మొగ్గుతారు."

పైవాళ్ళు కూడా మొగ్గలేదు. నెల తిరిగాక "చిన్నకారు మంచిచెడ్డల పరిశీలనా సంఘము"ను నియమించారు. డిప్యూటీ జనరల్ మేనేజరు కొల్లూరి విశ్వంభరం గారు అధ్యక్షులు. ఒక ఇంజనీరు, ఒక ఆర్థిక సలహాదారు సభ్యులు.

ఈలోగా ఆటోకు ఎర్రగుడ్డ కట్టుకుని వెళ్ళడానికి అప్పలనరసమ్మ ఒప్పుకున్న రోజులు కొన్ని, ఒప్పుకోని రోజులు కొన్ని. అద్దెకారు రెండుసార్లు పిలిస్తే ఒకసారి వచ్చింది. వారానికి మూడుసార్లు అన్నది ఒకటిన్నరకు పడిపోయింది.

సంఘం వారు ఒక మంగళవారం పొద్దున్న స్థల పరిశీలనకు వచ్చారు. ముగ్గురి హోదాలూ వేరు కాబట్టి ఒకే బండిలో రాకూడదట. మూడు పెద్ద కార్లలో వచ్చారు. మూడూ కుమ్మరివీధి మొదట్లోనే ఆగిపోయాయి. ముందుది వెనక్కి రావాలంటే వెనకది పోవాలి, వెనకది పోవాలంటే దాని వెనక ఉన్న కొబ్బరిబొండాల బండి కదలాలి. చివరికి ముగ్గురూ దిగి నడిచారు.

"వీధి ఇరుకు. కార్లు ప్రవేశించజాలవు," అంటూ ఇంజనీరు నడుస్తూనే రాసుకున్నాడు. "ఇది పన్నెండవ చెడ్డ."

అప్పుడే వెనకాల హారన్ మోగింది. షోరూము వాళ్ళు పరిశీలన కోసం పంపిన చిన్న కారు, పక్క సందులోంచి తిరిగి వచ్చి, ముగ్గురి పక్కనుంచి సున్నితంగా తప్పుకుని పోయి, నీలవేణి ఇంటి అరుగు ముందు ఆగింది. ఇంజనీరు దాని వంక చూశాడు, తన పుస్తకం వంక చూసుకున్నాడు. అప్పటికే సిరాతో రాసేశాడు. అలాగే ఉంచేశాడు.

విశ్వంభరం గారు కారు చుట్టూ ఒకసారి ప్రదక్షిణంగా తిరిగి, గంభీరంగా అన్నారు. "గోనె సంస్థ ఉద్యోగి కొనే వాహనం, మౌలికంగా, గోనెకు అనుకూలంగా ఉండాలి. సంచి పరీక్ష నిర్వహించండి."

సంస్థ ముద్ర ఉన్న రెండు సంచుల నిండా ఊక నింపి తెచ్చుకున్నారు. ఇంజనీరు వాటిని డిక్కీలో నిలబెట్టాడు. తలుపు పడలేదు. పక్కకు తిప్పి నిలబెట్టాడు. పడలేదు. ఆర్థిక సలహాదారు కూడా కోటు విప్పి ఓ చెయ్యి వేశాడు. ఇద్దరికీ చెమటలు పట్టాయి గాని తలుపు మాత్రం పడలేదు.

అరుగు మీద కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్న అప్పలనరసమ్మ ఇదంతా చూస్తోంది. "బాబూ, సంచిని నిలబెట్టకండి, తొంగోబెట్టండి. మూతి ఇటేపు, అడుగు అటేపు. రెండోదాన్ని ఎదురుగా పెట్టండి," అంది.

అలా పెట్టారు. రెండు సంచులూ పట్టి, తలుపు టప్పుమని పడింది.

ఆర్థిక సలహాదారు మళ్ళీ కోటు తొడుక్కున్నాడు. తరవాత ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "తొంగోబెట్టడం ప్రామాణిక పద్ధతి కాదు సార్."

"కాదు," అని విశ్వంభరం గారు ఒప్పుకున్నారు. సంచులు తీయించేశారు. పదమూడో చెడ్డ నమోదైంది.

తరవాత విచారణ. విశ్వంభరం గారు అప్పలనరసమ్మ ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. "అమ్మా, మీరు ఈ గృహంలో ఎవరి ఆధారంతో నివసిస్తున్నారు?"

"ఆధారమేటి బాబూ? ఈ ఇల్లు నాది. మిల్లు డబ్బుల్తో కట్టీసినాను. కొడుకూ కోడలే నా ఇంట్లో ఉన్నారు."

నీలవేణి నోరు తెరవబోయింది. విశ్వంభరం గారు చెయ్యెత్తి ఆపి, ఆర్థిక సలహాదారుకు చెప్పి రాయించారు. "ఉద్యోగినికి సొంత పైకప్పు లేదు. సదరు ఉద్యోగిని తన అత్తగారి పైకప్పు కింద ఆశ్రితురాలిగా నివసించుచున్నది. కావున ఉద్యోగినికి కారు నిలుపుకొను స్వంత స్థలము లేదని సంఘము నిర్ధారించుచున్నది. పద్నాలుగు వేసుకోండి."

వెళ్తూ వెళ్తూ ఆయన కారు తలుపు తెరిచి స్టీరింగు ముందు ఒక నిమిషం కూర్చున్నారు. పరిశీలనలో భాగమేనని అందరూ అనుకున్నారు. గేరు రాడ్డు మీద చెయ్యి వేసి, అటూ ఇటూ కదిపి, దిగి వెళ్ళిపోయారు.

ఎక్సర్‌సైజు చేయించే అమ్మాయి ఆ శుక్రవారం అప్పలనరసమ్మ మోకాలు పట్టుకుని వంచి చూసి, నీలవేణిని పక్కకు పిలిచింది. "అరవై డిగ్రీల దగ్గరే ఆగిపోయిందండీ. ఇంకో మూడు వారాలు చూస్తాం. తరవాత మేం కూడా ఏం చెయ్యలేం."

నీలవేణి ఆ రోజు ఆఫీసుకు వెళ్ళి డిస్పాచ్ బల్ల దగ్గర కూర్చుంది. స్టాంపులు ఎంత గట్టిగా కొట్టిందంటే పక్క సెక్షన్ వాళ్ళు తొంగి చూశారు. అన్నీ వంకరగానే పడ్డాయి. ఒక్కటి కూడా సరిచేయలేదు. రూలు పాటిస్తే మంచి జరుగుతుందని పందొమ్మిదేళ్ళుగా నమ్మింది. రూలు పాటిస్తూ పాటిస్తూ అత్త కాలును తనే బిగించేస్తోందా అనిపించింది.

మరో వారానికి నివేదిక వచ్చింది. రెండు వందల పద్నాలుగు పేజీలు. చక్రధరం దాన్ని రెండు చేతులతో ఎత్తి ఇచ్చాడు. "మీ పేరు ప్రతి పేజీలోనూ ఉందండీ. ఇంత గౌరవం నాకు కూడా దక్కలేదు."

నీలవేణి నేరుగా చివరి పేజీ తిప్పింది. "చిన్న కారు కొనుట సమంజసమే. కొనకుండుట కూడా అసమంజసము కాదు. ఎండాకాలము, వానాకాలము, చలికాలములలో విడివిడిగా పరిశీలించిన పిదప మాత్రమే తుది అభిప్రాయము ప్రకటించుట భావ్యమని సంఘము తలచుచున్నది. అంతదనుక సంఘమును శాశ్వతము చేయవలెను."

ఇంటికొచ్చి నివేదికను మంచం మీద పడేసి, పక్కన కూలబడింది. "అత్తా, ఏడాది అట. నా వల్ల కాదు. ఇంక నాకు చేతకాదు."

అప్పలనరసమ్మ కోడలి వంక చూసింది. ఆ పుస్తకం బరువు చేత్తో చూసింది. "ఇంతా రాసినారు గదా, నా గురించేటి రాసినారో సదువు," అంది.

నీలవేణి విసుగ్గా పేజీలు తిప్పి, నూట నలభై ఏడో పేజీ దగ్గర ఆగి చదివింది. అత్తగారి పైకప్పు కింద ఆశ్రితురాలు అన్న ముక్క దగ్గరికి రాగానే అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆశ్రితురాలంటే ఏటి?"

"ఒకరి మీద ఆధారపడి బతికేది అని."

"అంటే నువ్వు నా మీద ఆధారపడున్నావని రాసినారు?"

"అవును."

"నాను నీ మీద గాదు?"

"కాదు."

"మీ రూలు ఎవులెవులికి?"

"ఉద్యోగులకి. ఉద్యోగి పైకప్పు కింద ఆశ్రితులుగా ఉన్నవాళ్ళకి," అని యాంత్రికంగా చెప్పి, నీలవేణి అక్కడే ఆగిపోయింది. అత్త ముఖంలోకి చూసింది. అత్త అప్పటికే కొడుకును కేకేస్తోంది.

"ఒరే జోగా! బీరువాలో నా బేంకు పుస్తకం తియ్యి. రేపు పొద్దుగాలే ఎల్దాం."

నాలుగో రోజుకు పసుపు రంగు చిన్న కారు బెవర అప్పలనరసమ్మ పేరు మీద కుమ్మరివీధిలోకి వచ్చింది. ముందు సీటు బాగా వెనక్కి జరిపి, ఆవిడ కాలు లోపల పెట్టుకుని, తలుపు తనే వేసుకుంది. జోగారావు బండి తోలాడు. దారిలో కోడలిని ఆఫీసు దగ్గర దించి, ఆవిడ ఎక్సర్‌సైజుకు వెళ్ళింది. రేకు పల్చనే. ఏసీ వేస్తే ఎత్తు దగ్గర మూలిగింది. అయినా ఆ మూడు వారాల గడువులో మిగిలిన రోజుల్లో ఒక్కసారి కూడా మానలేదు. చివరి రోజు నీలవేణి కూడా సెలవు పెట్టి వెంట వెళ్ళింది. మోకాలు తొంభై దాటి వంగింది. ఎక్సర్‌సైజు అమ్మాయి చప్పట్లు కొట్టింది. నీలవేణి మాత్రం బయటికి వెళ్ళి, కారుకు ఆనుకుని కాసేపు కళ్ళు తుడుచుకుంది.

కిటికీలోంచి పసుపు కారును చూసిన చక్రధరం ఊరుకోలేదు. మెమో ఇచ్చాడు. "అనుమతి పొందని కారునందు సదరు ఉద్యోగిని ప్రయాణించుటకు గల కారణములు మూడు దినములలో తెలుపవలెను."

నీలవేణి జీవితంలో మొదటిసారి డ్రాఫ్టు రాసుకోకుండా నేరుగా జవాబు రాసింది. "నేను కారు కొనలేదు. నివేదిక 147వ పేజీ ప్రకారము నేను అత్తగారి ఆశ్రితురాలను. ఆశ్రితురాలిని ఎక్కడకు తీసుకొనిపోవలెనో ఆమెయే నిర్ణయించును. సంఘము నిర్ధారించిన విషయమును కాదనుటకు నాకు అధికారము లేదు."

సంఘం మూడుసార్లు సమావేశమైంది. తన పేజీని తనే కాదంటే మిగతా రెండు వందల పదమూడు పేజీల గతి ఏమిటని ఆర్థిక సలహాదారు అడిగాడు. మెమోను దాఖలు చేసి ఊరుకున్నారు.

కానీ ఆఫీసు ఊరుకోలేదు. నూట నలభై ఏడో పేజీ జెరాక్సు కాపీలు సెక్షన్ సెక్షన్‌కీ తిరిగాయి. పాలకొండలో ఉన్న అత్తగారిని ఆరేళ్ళుగా పలకరించని గుమాస్తా ఒకడు స్వీట్లు పట్టుకుని బస్సెక్కాడు. టైపిస్టు ఒకావిడ తన ఇంటిని తనే అత్తగారి పేర రాసిచ్చి, ఆవిడ పైకప్పు కిందికి ఆశ్రితురాలిగా మారింది. చక్రధరం కూడా ఒక మధ్యాహ్నం నీలవేణి బల్ల దగ్గరికి వచ్చి, మాటల్లో మాటగా, ఆ బండికి ఎన్ని రంగులున్నాయని అడిగాడు.

ఒక ఆదివారం పొద్దున్న పదింటికి విశ్వంభరం గారు కుమ్మరివీధిలోకి నడిచి వచ్చారు. వెంట సభ్యులు లేరు, కోటు లేదు, చేతిలో అరటిపళ్ళ సంచి ఉంది. నీలవేణి కంగారుపడి కుర్చీ వేసింది.

"మీరు కూర్చోండి నీలవేణి గారూ. నేను ఆఫీసు పని మీద రాలేదు. అమ్మగారితో మాట్లాడాలి."

అప్పలనరసమ్మ లోపల్నుంచి నడుచుకుంటూ వచ్చి, ఆయన ఎదురుగా మోకాళ్ళు వంచి కూర్చుంది. ఆయన ఆ మోకాలు వంక చూసి, తల దించుకున్నారు.

"మా ఆవిడ డ్రైవింగు నేర్చుకుందమ్మా," అన్నారు చివరికి. "మూడు నెలలు కష్టపడి నేర్చుకుంది. లైసెన్సు కూడా వచ్చింది. కారే లేదు. ఆఫీసు బండి ఆవిడ ముట్టుకోకూడదు. మర్చిపోతానేమోనని రోజూ వంటింట్లో పీట మీద కూర్చుని, అప్పడాల కర్రతో గేర్లు మారుస్తోంది. నాకు చూడ్డానికి బాధగా ఉంది."

"మరి కొనండి సార్," అంది నీలవేణి.

"నా దరఖాస్తు నా సంఘం ముందే ఉందమ్మా. నా ఫైలు వచ్చినప్పుడు నేను అధ్యక్షత వహించకూడదు, బయటికి వెళ్ళిపోవాలి. నేను వెళ్ళిపోతే కోరం ఉండదు. నాలుగుసార్లు వెళ్ళి బయట నిలబడ్డాను. నాలుగుసార్లూ వాయిదా పడింది." ఆయన గొంతు తగ్గించారు. "పోనీ మీ దారిన పోదామంటే నాకు అత్తగారు లేరు. ఎనిమిదేళ్ళ కిందట పోయారు. అమ్మా, డబ్బు నాదే. మీ పేరు మీద ఇంకో బండి కొననిస్తారా?"

నీలవేణికి నవ్వొచ్చింది. ఆ వెనకే జాలి వేసింది. ఈ మనిషేనా సంచులు తీయించింది అనుకుంది. అత్త ఏమంటుందోనని చూసింది. ఏం అన్నా తప్పులేదనుకుంది.

అప్పలనరసమ్మ ఆయన తెచ్చిన అరటిపండు ఒకటి ఒలిచి, ఆయనకే ఇచ్చింది.

"అలగే కొనుక్కో బాబూ. ఆడకూతురు అప్పడాల కర్రతో ఎన్నాళ్ళని తోలుతాది? నా పేరునే కొను. కానీ నువ్వో కాయితం రాసియ్యాల."

"ఏమని రాయాలమ్మా?"

"నువ్వు నా పైకప్పు కింద ఆశ్రితుడివని."

డిప్యూటీ జనరల్ మేనేజరు, చిన్నకారు మంచిచెడ్డల పరిశీలనా సంఘాధ్యక్షులు కొల్లూరి విశ్వంభరం గారు ఒక్క క్షణం మాత్రమే ఆలోచించారు. తరవాత అరటిపండు మిగిలిన సగం నోట్లో వేసుకుని, చెయ్యి తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీసి, అలవాటు కొద్దీ మూడు కాపీలు రాశారు.